పాత చిన్న పెట్రోల్ బోటు ఇంజిన్లు: ఏది స్వభావం, ఏది జబ్బు

పాత బోటు ఇంజిన్ మొరాయిస్తే స్పానర్ తీసేముందు ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి: అది ఎలా ఆగింది? స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే లోపం స్పార్క్ వైపు ఉంటుంది. దగ్గుతూ, కాస్త పుంజుకుని, మళ్ళీ దగ్గి ఆగితే పెట్రోలు సరిగ్గా అందలేదు. బరువెక్కి, బిగుసుకుపోతున్నట్టు ఆగితే బాగా వేడెక్కింది, చల్లారేదాకా దాన్ని తిప్పొద్దు. ఎక్కడ వెతకాలో సగం ఇక్కడే తేలిపోతుంది.

నేను చెప్పేవన్నీ ముఖ్యంగా మూడు రకాల ఇంజిన్ల గురించి. మొదటిది బ్రిటిష్ సీగల్. ఇంగ్లండులోని పూల్ పట్టణంలో తయారైన టూ-స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపే రకం) ఇది, పడవ వెనక తగిలించుకుంటారు. రెండోది హెన్లీ-ఆన్-థేమ్స్‌కు చెందిన స్టూవర్ట్ టర్నర్ కంపెనీ చేసిన చిన్న టూ-స్ట్రోక్‌లు, వీటిని పడవ లోపల బిగిస్తారు. మూడోది అటామిక్ ఫోర్. అమెరికాలోని ఆష్‌కాష్‌లో యూనివర్సల్ కంపెనీ దీన్ని 1947 నుంచి 1980ల దాకా తయారుచేసింది. నాలుగు సిలిండర్లు, 30 హార్స్‌పవర్, ఫోర్-స్ట్రోక్. పాత తెరచాప పడవల్లో ఇప్పటికీ పనిచేస్తూ కనిపిస్తుంది.

మామూలు చేతి పనిముట్లతో విప్పొచ్చు, ఏం జరుగుతోందో కంటితో చూడొచ్చు. వీటి విలువ అదే. మాగ్నెటో (స్పార్క్‌కు కావాల్సిన కరెంటును తానే పుట్టించేది) ఉన్న సీగల్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ వీటి స్వభావం తెలియకపోతే రెండు రకాల నష్టం జరుగుతుంది. బాగున్న ఇంజిన్‌ని విప్పి పాడుచేసేవాళ్ళు కొందరు. నిజంగా జబ్బున్నదాన్ని ‘పాతది కదా, అంతే’ అని వదిలేసేవాళ్ళు ఇంకొందరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే. మంచి ఇంజిన్లు తుక్కుకు పోయేది ఎక్కువగా అలాగే.

ముందు ముక్కుతో వాసన చూడండి

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, పడవ అడుగున నీళ్ళు చేరే చోట కూర్చుంటుంది. లోపల బిగించిన ఇంజిన్ దగ్గర ఏ పని మొదలుపెట్టినా ముందు మూత తెరిచి, కిందికి వంగి వాసన చూడండి. బ్లోయర్ (ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్) ఉంటే కనీసం నాలుగు నిమిషాలు ఆడించండి. వాసన వస్తుంటే స్టార్టర్, స్పార్క్ టెస్ట్ రెండూ వద్దు. ఎక్కడ కారుతోందో పట్టుకోవడమే మొదటి పని. కార్బరేటర్ నోటికి ఉండే మంట నిరోధక జాలిని ‘గాలికి అడ్డం’ అని కొందరు తీసేస్తుంటారు. 1940 ఏప్రిల్ తర్వాత పడవ లోపల బిగించిన పెట్రోల్ ఇంజిన్లకు అమెరికాలో అది తప్పనిసరి. ఎక్కడున్నా సరే, దాన్ని తీయొద్దు. మురికి పడితే కడిగి మళ్ళీ పెట్టండి.

తాడు ఎంత లాగినా స్టార్ట్ కావట్లేదు

నాలుగైదుసార్లు లాగినా పలకకపోతే ఆపండి. ఇంకా లాగితే చెయ్యి నొప్పి, ఇంజిన్‌లోకి అనవసరపు పెట్రోలు, అంతే. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచారా? పెట్రోలు ట్యాప్ తిప్పారా? పాత కార్బరేటర్‌కు టిక్లర్ అనే చిన్న బొడిపె ఉంటుంది, పెట్రోలు చెమర్చేదాకా దాన్ని నొక్కారా? ఈ మూడూ చూశాక స్పార్క్ ప్లగ్ విప్పండి.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావట్లేదు. వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళండి: కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి చిన్న డబ్బాలో పట్టండి. ధార సన్నగా వస్తే ట్యాంకులోని జాలి మూసుకుపోయింది. ధార బాగుంటే జెట్‌లో (కార్బరేటర్‌లో పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రంలో) పెట్రోలు ఎండిన జిగురు చేరి ఉంటుంది. జెట్‌ని తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ ఇంజిన్ ఇక కుదురుగా నడవదు. కార్బరేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదండి. నెలల తరబడి నిలవున్న పెట్రోలైతే సందేహించకుండా తీసేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీళ్ళని పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుక్కి దిగిపోతాయి, ఇంజిన్ మొదట తాగేది ఆ అడుగుదే. పాత రబ్బరు పైపుల్ని, కార్క్ ఫ్లోట్ మీద ఉన్న లక్క పూతని కూడా ఇథనాల్ తినేస్తుంది.

ప్లగ్ తడిగా ఉంటే స్పార్క్ చూడండి. ముందు తెరిచిన పెట్రోలంతా దూరం పెట్టండి, ప్లగ్ రంధ్రం మీద గుడ్డ కప్పండి. ప్లగ్ లోహపు ఒళ్ళు ఇంజిన్‌కు గట్టిగా తగిలేలా ఆనించి, తాడు లాగండి. నీలంగా, టప్ మని వినిపించేలా ఉంటే మంచి స్పార్క్. పసుపు రంగులో బక్కగా ఉంటే చాలదు, గాలిలో వెలిగినా సిలిండర్‌లో ఒత్తిడి మధ్య అది ఆరిపోతుంది.

స్పార్క్ లేదంటే నేరుగా కాయిల్ (స్పార్క్ కోసం వోల్టేజీ పెంచే తీగచుట్ట) మీద నెపం వేయకండి. ఎక్కువసార్లు తప్పు పాయింట్లదే, అంటే కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే చిన్న లోహపు మొనలదే. ఇంజిన్ కదలకుండా ఉన్నంతకాలం పాయింట్ల మొహాల మీద కంటికి సరిగ్గా ఆనని పొర పేరుతుంది. ఆ పొర చాలు, కరెంటు ఆగిపోవడానికి. సన్నటి ఎమెరీ కాగితంతో ఒకసారి రుద్ది, ఆ తర్వాత తెల్లటి అట్టముక్క మధ్యలో పెట్టి లాగండి. అట్ట మీద నల్లటి గీత పడుతుంది. గీత పడకుండా వచ్చేదాకా కొత్త ముక్కలతో లాగుతూనే ఉండండి. తర్వాత ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూడండి. సీగల్ మీద ఉండే విలియర్స్ మాగ్నెటోకు 0.5 మిల్లీమీటరు, అటామిక్ ఫోర్‌కు కూడా దాదాపు అంతే. పాయింట్ల కోసం ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) విప్పాల్సి వస్తే దాన్ని లాగి తీసే పుల్లర్ వాడండి, సుత్తితో మోదొద్దు.

టూ-స్ట్రోక్‌లలో ఇంకో తిరకాసుంది. ఎక్కువసార్లు లాగినప్పుడు పెట్రోలు క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే గదిలో) చేరి నిలబడుతుంది. కొత్త ప్లగ్ వేసినా వెంటనే తడిసిపోతుంది. అడుగున డ్రెయిన్ ఉంటే తెరిచి డబ్బాలోకి వంచేయండి. లేకపోతే పెట్రోలు ట్యాప్ కట్టి, ప్లగ్ తీసి, చోక్ తెరిచి, చాలాసార్లు తిప్పి ఆరనివ్వండి.

చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడెక్కాక ఆగిపోతోంది

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే ఒడ్డుకు వచ్చి చూపించేసరికి మళ్ళీ బాగానే నడుస్తుంది. అందుకే ఆగిన క్షణంలోనే పరీక్ష జరగాలి.

ఆగగానే ట్యాంకు మూత విప్పండి. ‘ఉస్’ మని గాలి లోపలికి పోతే గాలి రంధ్రం మూసుకుపోయింది, శుభ్రం చేస్తే సరిపోతుంది. ఆ చప్పుడు లేకపోతే, ఇంజిన్ వేడిగా ఉండగానే స్పార్క్ చూడండి. చల్లారాక చూస్తే లాభం లేదు. వేడిలో స్పార్క్ లేక, పదిహేను ఇరవై నిమిషాలకు తిరిగొస్తే కాయిల్ లోపలి ఇన్సులేషన్ పోయినట్టే. దానికి రిపేర్ లేదు, మార్చాలి. పాయింట్ల దగ్గర మెరుపుల్ని అణిచే కండెన్సర్ పోతే ఇంకో గుర్తు కనిపిస్తుంది: ఇంజిన్ తిరుగుతుండగా పాయింట్ల మధ్య మెరుపులు బాగా పెద్దవిగా వస్తాయి, పాయింట్ల మొహాలు త్వరగా కాలి గుంటలు పడతాయి. కండెన్సర్ చవకైన వస్తువు, పాయింట్లు మార్చినప్పుడు దాన్నీ మార్చేయండి.

అటామిక్ ఫోర్‌లో కాయిల్‌ని ఇంజిన్ ఒంటికే బిగించి ఉంటే, అక్కడి వేడికి అది తొందరగా అలిసిపోతుంది. వైరు కాస్త పొడిగించి పక్కనున్న చెక్కగోడ మీదికి మార్చండి. పైసా ఖర్చు లేని ఈ పనితో చాలా ఇంజిన్లు దారికొస్తాయి. కాయిల్‌కు విడిగా రెసిస్టర్ కావాలా, లోపలే ఉందా అన్నదీ కొనేటప్పుడు చూసుకోండి. రెసిస్టర్ కావాల్సిన కాయిల్‌కు నేరుగా 12 వోల్టులిస్తే మరిగిపోతుంది.

పొగ విపరీతంగా వస్తోంది

సీగల్ అయితే కంగారు పడొద్దు. పాత మోడళ్ళకు పెట్రోలు, ఆయిల్ పాళ్ళు 10:1, అంటే లీటరుకు 100 మిల్లీలీటర్ల ఆయిల్. లోపల క్రాంక్ తిరిగేది సాదా కంచు బుష్‌లలో. ఆ ఆయిలే వాటికి తడి, క్రాంక్‌కేస్ గాలి బయటికి పోకుండా ఆపేదీ అదే. పొగ చూసి భయపడి ఆయిల్ సగానికి తగ్గించేవాళ్ళు బుష్‌లని అరగదీస్తారు. బుష్ అరిగితే క్రాంక్‌కేస్ గాలి పీలుస్తుంది, స్టార్ట్ కావడం కష్టమవుతుంది, అప్పుడు ‘సీగల్ పనికిరాదు’ అంటారు. తర్వాత వచ్చిన మోడళ్ళు 25:1తో, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లతో నడుస్తాయి. మీది ఏ మోడలో తెలుసుకుని కలపండి. పాతదాన్ని 25:1కి మార్చాలంటే కార్బరేటర్ కూడా సరిచేయాలి. మిశ్రమంలో ఆయిల్ తగ్గితే పెట్రోలు భాగం పెరుగుతుంది కదా. నీళ్ళ మీద ఆయిల్ తెట్టు మాత్రం నిజమైన సమస్యే. టూ-స్ట్రోక్‌లను అనుమతించని చెరువులు, జలాశయాలు ఉన్నాయి, ముందే కనుక్కోండి.

ఆయిల్ పాలలా తెల్లగా మారింది

ఇదే లక్షణం ఒక ఇంజిన్‌లో స్వభావం, ఇంకోదాంట్లో ప్రమాదం.

సీగల్ గేర్‌బాక్స్‌లో అయితే స్వభావం. ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర గట్టి సీల్ లేదు, కాస్త నీళ్ళు లోపలికి వస్తాయి, చిక్కటి 140 గ్రేడ్ ఆయిల్‌తో కలిసి తెల్లబడుతుంది. ఆ తెల్లటి ఆయిల్ కూడా గేర్లని కాపాడుతుంది. తరచూ మట్టం చూసుకుని, కలుపుతూ, అప్పుడప్పుడు మార్చితే చాలు.

అటామిక్ ఫోర్ డిప్‌స్టిక్ మీద అదే తెలుపు కనిపిస్తే ఆ రోజే పట్టించుకోవాలి. ఎక్కువగా జరిగేది ఇది: ఇంజిన్ స్టార్ట్ కాదు, యజమాని స్టార్టర్ నొక్కుతూనే ఉంటాడు. ఇంజిన్ తిరిగినప్పుడల్లా నీళ్ళ పంపు కూడా తిరుగుతుంది, నీళ్ళని ఎగ్జాస్ట్‌లోకి (పొగ బయటికి పోయే గొట్టంలోకి) పంపుతుంది. ఇంజిన్ మండట్లేదు కాబట్టి ఆ నీళ్ళని బయటికి నెట్టే ఒత్తిడి లేదు. సైలెన్సర్ నిండి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వుల గుండా నీళ్ళు సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. పరిష్కారం అలవాటులోనే ఉంది: స్టార్ట్ కాకపోతే సముద్రపు నీటి వాల్వ్ కట్టేసి స్టార్టర్ నొక్కండి, ఇంజిన్ అందుకోగానే వెంటనే తెరవండి. తాళంచెవిని ఆ వాల్వ్ హ్యాండిల్‌కే తగిలించి ఉంచుకుంటే మర్చిపోరు.

నీళ్ళు వచ్చేశాయనుకోండి. నాలుగు ప్లగ్‌లూ తీసి, వాల్వ్ కట్టి, ఇంజిన్ తిప్పండి. నీళ్ళు చిమ్ముకుంటూ బయటికొస్తాయి. ఒక్కో సిలిండర్‌లో కాస్త పల్చటి ఆయిల్ పోసి మళ్ళీ తిప్పండి. క్రాంక్‌కేస్ ఆయిల్ మార్చండి, నడిపి వేడెక్కించి, తెలుపు కనిపించినంతకాలం మళ్ళీ మళ్ళీ మార్చండి. ఇదంతా అదే రోజు జరగాలి. ఉప్పునీళ్ళు రాత్రంతా ఉంటే రింగులు, వాల్వులు పట్టేస్తాయి. అన్నీ సరిగ్గా చేసినా నీళ్ళు మళ్ళీ కనిపిస్తుంటే హెడ్ గాస్కెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అనుమానించాలి.

ఇంజిన్ మరీ చల్లగా నడుస్తోంది

సముద్రపు నీళ్ళే నేరుగా ఒంట్లో తిరిగే ఇంజిన్ 60-65 డిగ్రీల దగ్గర నడవడం సరైనదే. కారు ఇంజిన్‌తో పోల్చి వేడి థర్మోస్టాట్ వేస్తే లోపల ఉప్పు గట్టిపడి దారులు మూసుకుపోతాయి. దానికి భిన్నంగా బాగా వేడెక్కుతుంటే ముందు ఇంపెల్లర్ (నీళ్ళ పంపు లోపలి రెక్కల చక్రం) విప్పి చూడండి. రెక్క విరిగి ఉంటే, ఆ ముక్క ఎక్కడుందో వెతికి తీసేదాకా మూత పెట్టొద్దు, అది ముందుకెళ్ళి పైపు మలుపులో ఇరుక్కుంటుంది.

స్టార్ట్ కాగానే పడవ ముందుకు దూకింది

క్లచ్ లేని పాత సీగల్ అలాగే చేస్తుంది. ఇంజిన్ అందుకుంటే ప్రొపెల్లర్ తిరిగినట్టే. పడవ ముక్కు ఖాళీ నీళ్ళ వైపు తిప్పి ఉంచండి, థ్రాటిల్ అవసరానికి మించి తెరవొద్దు, వెనక నిలబడ్డవాళ్ళని కూర్చోబెట్టండి. ఫ్లైవీల్‌కు మూత లేదు కాబట్టి వదులు చొక్కాలు, పొడవు జుట్టు జాగ్రత్త.

ఇంజిన్ అసలు తిరగట్లేదు (కొనాలనుకుంటే ముందు ఇది చదవండి)

బిగుసుకుపోయిన ఇంజిన్‌కు ధర తక్కువ చెబుతారు. కొన్నిసార్లు అది నిజంగా మంచి బేరం. ప్లగ్ రంధ్రాల్లో తుప్పు వదిలించే ఆయిల్ పోసి కొన్ని రోజులు ఆగండి. ఫ్లైవీల్‌ని ముందుకీ వెనక్కీ మెల్లగా కదిపి చూస్తూ, ఆయిల్ ఇంకితే మళ్ళీ పోయండి. పొడవాటి రాడ్ తగిలించి బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అప్పుడు బేరం కాస్తా నష్టమవుతుంది. కదిలాక కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూడండి. అటామిక్ ఫోర్‌లో అంకె ఎంతన్నదానికంటే నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒక్కటే బాగా తక్కువుంటే వాల్వ్ పట్టేసి ఉండొచ్చు. అది బాగయ్యే జబ్బే.

బాగుకానిది పగులు. చలిదేశంలో నీళ్ళు తీయకుండా శీతాకాలం వదిలేసిన ఇంజిన్‌లో నీళ్ళు గడ్డకట్టి, వ్యాకోచించి, బ్లాక్‌ని పగలగొడతాయి. నీటి జాకెట్ పొడవునా వేలితో తడుముతూ టార్చ్ వేసి చూడండి. కొత్త పెయింట్ వేసి ఉంటే ఇంకా శ్రద్ధగా చూడండి. సన్నటి తుప్పు గీత నిలువుగా కాకుండా అడ్డంగా, పొడుగ్గా సాగితే అనుమానించండి. అలాంటిదాన్ని విడిభాగాల కోసం మాత్రమే, విడిభాగాల ధరకు మాత్రమే తీసుకోండి: కార్బరేటర్, మాగ్నెటో, ఫ్లైవీల్, గేర్లు బాగుంటే ఇంకో ఇంజిన్‌కు పనికొస్తాయి.