సెల్ కల్చర్ స్వయంబోధిని – 5వ పాఠం: ఎల్‌ఎన్‌క్యాప్ కణాలను తొందరపెట్టకండి

ముందు పోయిన పాఠంలో అడిగిన లెక్క: టి-25 ఫ్లాస్కులో వేయడానికి ఎన్ని మిల్లీలీటర్ల కణ ద్రావణం కావాలి? కణాలను లెక్కపెట్టే గాజు పలక, హీమోసైటోమీటర్ మీద మిల్లీలీటరుకు రెండున్నర లక్షల కణాలు తేలాయి. అంతకుముందు చచ్చిన కణాలను నీలంగా చూపే ట్రిపాన్ బ్లూ రంగును సమానంగా కలిపాం కాబట్టి అసలు ద్రావణంలో ఉన్నవి ఐదు లక్షలు. టి-25 ఫ్లాస్కు అడుగు 25 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 30 వేల చొప్పున ఏడున్నర లక్షలు కావాలి, అంటే ఒకటిన్నర మిల్లీలీటర్లు. మూడు అని జవాబు వచ్చినవాళ్లు ట్రిపాన్ బ్లూ సంగతి మరిచిపోయారు. ఇవాళ్టి ఎల్‌ఎన్‌క్యాప్ అనే ప్రోస్టేట్ కాన్సర్ కణాల దగ్గర ఆ మరపు కుదరదు. పలచగా వేస్తే ఇవి బతకవు.

ప్రోస్టేట్ కాన్సర్ మీద పనిచేసే ల్యాబ్‌లో ద్రవ నత్రజని డబ్బా మూత తీస్తే దాదాపుగా మూడు సెల్ లైన్ల (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతున్న కణాల) పేర్లు కనిపిస్తాయి: డీయూ-145, పీసీ-3, ఎల్‌ఎన్‌క్యాప్. మూడూ 1970ల చివరి భాగంలో అమెరికాలో తయారైనవే. ఏదీ ప్రోస్టేట్ గ్రంథి నుంచి నేరుగా తీసినది కాదు, వ్యాధి పాకిన చోటి నుంచి తీసినవి. డీయూ-145 ఒక 69 ఏళ్ల రోగి మెదడుకు పాకిన కణితి నుంచి వచ్చింది. పీసీ-3 ఒక 62 ఏళ్ల రోగి వెన్నుపూస నుంచి వచ్చింది. ఎల్‌ఎన్‌క్యాప్‌ను 1977లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో, 50 ఏళ్ల రోగి ఎడమ కాలర్ ఎముకకు పైన ఉన్న లింఫ్ గ్రంథిలోకి సూది గుచ్చి తీశారు. పేరులోని మొదటి రెండు అక్షరాలు ఆ లింఫ్ గ్రంథివే.

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా పీసీ-3 దగ్గరికే వెళతారు. అది గడ్డిలా పెరుగుతుంది, గట్టిగా అంటుకుంటుంది, శుక్రవారం మరిచిపోయినా సోమవారానికి ఉంటుంది. కానీ మీ ప్రశ్న హార్మోన్ గురించైతే పీసీ-3 మీకు మూగసాక్షి. వృషణాలు తొలగిస్తే, అంటే ఆండ్రోజెన్ (పురుష హార్మోన్) సరఫరా ఆగితే, ప్రోస్టేట్ కాన్సర్ తగ్గుముఖం పడుతుందని షికాగోలో చార్లెస్ హగిన్స్ 1941లో చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది ఈ కృషికే. ఆండ్రోజెన్ మాట వినాలంటే కణంలో దాన్ని అందుకునే ప్రోటీన్, ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉండాలి. పీసీ-3లోనూ డీయూ-145లోనూ అది పనిచేసే స్థితిలో లేదు, పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు విడుదల చేసే ప్రోటీన్) కూడా తయారు కాదు. ఎల్‌ఎన్‌క్యాప్‌లో రెండూ ఉన్నాయి. ఆండ్రోజెన్‌ను అడ్డుకునే మందును పీసీ-3 మీద పరీక్షించి ‘ప్రభావం లేదు’ అని రాసినవాళ్లను చూశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే అది.

ఇక చేతిపని. ఎల్‌ఎన్‌క్యాప్‌కు ఆర్‌పీఎంఐ-1640 మీడియం, పది శాతం సీరం, 37 డిగ్రీలు, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్. ఇంతవరకు మామూలే. తేడా అంతా అంటుకునే తీరులో ఉంది. మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నగా, కోలగా, చివర్లలో తోకలు సాగినట్లు కనిపిస్తాయి. సమంగా పరుచుకోవు. ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్లు అక్కడక్కడ గుంపులు, మధ్యలో ఖాళీలు. ఫ్లాస్కు పూర్తిగా నిండాక పాసేజ్ చేద్దామని, అంటే కణాలను విడదీసి కొత్త ఫ్లాస్కులోకి మారుద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. గుంపులు పెద్దవై అంచులు పైకి లేవకముందే పని మొదలుపెట్టాలి.

నా మొదటి ఫ్లాస్కు గురించి చెప్పాలి. పీసీ-3కి అలవాటుపడిన చేత్తో పీబీఎస్‌ను (కణాలను కడిగే ఉప్పు ద్రావణం) నేరుగా కణాల మీదికే వదిలాను. పొర మొత్తం పాలమీద మీగడలా లేచి ద్రవంలో తేలింది. కలుషితమైందనుకుని పారబోశాను. తప్పు నా పైపెట్‌దేనని తెలియడానికి మరో ఫ్లాస్కు పోగొట్టుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఫ్లాస్కును నిలబెట్టి, కణాలు లేని ఎదురు గోడ మీదుగా పీబీఎస్ జారనివ్వండి. తర్వాత మెల్లగా పడుకోబెట్టండి. ద్రవాన్ని పీల్చేటప్పుడు పైపెట్ మొన మూలలోనే ఉండాలి. కణాలను ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్ ఒక మిల్లీలీటరు చాలు. రెండు నిమిషాలకే మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. కణాలు గుండ్రబడి కదులుతుంటే వెంటనే సీరం ఉన్న మీడియం పోసి ట్రిప్సిన్‌ను ఆపాలి. వాటంతట అవే ఊడుతున్న కణాలను ఇంకాసేపు నానబెట్టి చంపుకోవద్దు.

ఇప్పుడు అసలు నేర్పు. కణాలను ట్యూబులోకి తీసి, పైపెట్ మొనను ట్యూబు అడుగుకు కొంచెం ఎత్తులో పెట్టి, నురగ రాకుండా పది పదిహేనుసార్లు పైకీ కిందికీ లాగండి. ఒక చుక్క తీసి చూడండి. ఒంటి కణాలు, రెండేసి మూడేసి కలిసినవి కనిపిస్తే సరిపోయింది. ఇరవై ముప్పై కలిసిన ముద్దలుంటే మళ్లీ చేయాలి. ముద్దలతో లెక్క కుదరదు, లెక్క కుదరని ప్లేటులో ప్రయోగం కూడా కుదరదు.

కొత్త ఫ్లాస్కులో వేశాక ఇంక్యుబేటర్‌లో పెట్టి 48 గంటలు ముట్టుకోకండి. మర్నాడు ఉదయం బయటికి తీసి చూడాలనిపిస్తుంది, తీయకండి. అంటీ అంటనట్లున్న కణాలు ఆ కుదుపుకే ఊడిపోతాయి. మూడో రోజుకు మీడియం పసుపుపచ్చగా మారితే బెదరక్కర్లేదు, ఈ కణాలు ఆమ్లాన్ని త్వరగా పుట్టిస్తాయి. సగం మీడియం తీసి కొత్తది పోయండి. తీసిన దాంట్లో తేలే కణాలను పారబోయకుండా సెంట్రిఫ్యూజ్ చేసి ట్రిపాన్ బ్లూతో చూడండి, చాలావరకు బతికే ఉంటాయి. రెట్టింపు కావడానికి వీటికి దాదాపు 60 గంటలు పడుతుంది. పీసీ-3కి వేసుకున్న కాలపట్టికను వీటికి వర్తింపజేస్తే మీ థీసిస్ మొత్తం ఇంక్యుబేటర్ ముందే గడిచిపోతుంది.

హార్మోన్ ప్రయోగానికి మామూలు సీరం పనికిరాదు. అందులో స్టెరాయిడ్లు ముందే ఉంటాయి. డెక్స్‌ట్రాన్ పూసిన బొగ్గుపొడితో వాటిని పీల్చేసిన సీరం దొరుకుతుంది, అది వాడాలి. ఫినాల్ రెడ్ అనే రంగు లేని ఆర్‌పీఎంఐ తీసుకోవాలి. ఆ రంగుకు ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం కొంత ఉంది, ఈ కణాల్లోని రిసెప్టర్ తలుపు దగ్గర అంత నికార్సుగా కాపలా కాయదు. కారణం కింద చెబుతాను. కణాలు అంటుకున్నాక రెండు మూడు రోజులు ఈ మీడియంలో ఉంచి, ఆ తర్వాతే డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే ఆండ్రోజెన్ కలపాలి. హార్మోన్‌ను ఇథనాల్‌లో కరిగిస్తాం కాబట్టి కంట్రోల్ ఫ్లాస్కుకూ అంతే ఇథనాల్ పడాలి. దీన్ని వదిలేసిన ప్రయోగాన్ని నేను చదవను. మోతాదు పెంచేకొద్దీ పెరుగుదల పెరుగుతూ పోతుందనుకోకండి. ఒక స్థాయి దాటాక ఎల్‌ఎన్‌క్యాప్ పెరుగుదల మందగిస్తుంది. అందుకే ఒకే మోతాదుతో తీర్పు ఇవ్వకూడదు.

ఆ కాపలా సంగతి. 1990లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు ఎల్‌ఎన్‌క్యాప్ రిసెప్టర్‌లో ఒక అమైనో ఆమ్లం మారిందని చూపించారు. చాలాకాలం వాడిన పాత లెక్కలో 877వ స్థానం, ఇప్పటి లెక్కలో 878. థ్రియోనిన్ ఉండాల్సిన చోట అలనైన్ ఉంది. దాంతో స్త్రీ హార్మోన్లయిన ఈస్ట్రాడయోల్, ప్రొజెస్టెరాన్ కూడా ఈ రిసెప్టర్‌ను తట్టి లేపగలవు. ఇంకా విడ్డూరం, ఆండ్రోజెన్‌ను అడ్డుకోవడానికి ఇచ్చే ఫ్లూటమైడ్ శరీరంలో మారే రూపం ఇక్కడ ఆండ్రోజెన్‌లాగే పనిచేస్తుంది. కొందరు రోగుల్లో ఫ్లూటమైడ్ ఆపేశాక పీఎస్‌ఏ తగ్గడానికి ఇలాంటి మార్పు ఒక వివరణ అయింది. అదే తరహా మందైన బైకాలుటమైడ్ మాత్రం ఈ కణాల్లోనూ ఆండ్రోజెన్‌ను అడ్డుకుంటుంది. కాబట్టి ఎల్‌ఎన్‌క్యాప్‌లో వచ్చిన ఫలితాన్ని ‘ప్రోస్టేట్ కాన్సర్‌లో’ అని రాసేముందు, మారిన రిసెప్టర్ చెప్పిన సాక్ష్యం అదని గుర్తుంచుకోండి. మామూలు రిసెప్టరే, కాకపోతే జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగిన వీక్యాప్ అనే మరో సెల్ లైన్‌లోనూ అదే వస్తే మాటకు బలం.

పాసేజ్ సంఖ్య కూడా రాయాలి. 80 దాటిన ఎల్‌ఎన్‌క్యాప్ హార్మోన్ లేకుండానే పెరగడం నేర్చుకుంటుంది. పక్క ల్యాబ్ మిత్రుడు ఇచ్చిన ఫ్లాస్కు ఎన్నో పాసేజో ఆ మిత్రుడికే తెలియదు. పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ భాండాగారం నుంచి తెప్పించుకోండి. రాగానే పది సీసాలు గడ్డకట్టించి దాచండి.

చివరగా గుర్తింపు. టీఎస్‌యూ-పీఆర్1 అనే సెల్ లైన్‌ను ఏళ్ల తరబడి ప్రోస్టేట్ కణాలుగానే వాడారు. 2001లో డీఎన్ఏ పోల్చి చూస్తే అది టి-24 అనే మూత్రాశయ కాన్సర్ సెల్ లైన్. టి-24 ఇచ్చింది ఒక మహిళ! ప్రోస్టేటే లేని శరీరం నుంచి వచ్చిన కణాలతో ప్రోస్టేట్ మీద పేపర్లు వెలువడ్డాయి. అందుకే కణాలు వచ్చిన రోజు, మళ్లీ పేపరు పంపేముందు ఎస్‌టీఆర్ పరీక్ష (డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలతో కణాలను గుర్తుపట్టే పద్ధతి) చేయించాలి. భాండాగారం ప్రొఫైల్‌తో 80 శాతం, ఆపైన పోలిక ఉంటేనే అవే కణాలని లెక్క. ఎల్‌ఎన్‌క్యాప్‌లో డీఎన్ఏ తప్పులు దిద్దే యంత్రాంగం చెడిపోయి ఉంది కాబట్టి ఒకటి రెండు చోట్ల చిన్న తేడా రావచ్చు.

అభ్యాసం. ఒకటి: 10 మైక్రోమోలార్ హార్మోన్ స్టాక్ ఉంది. ఐదు మిల్లీలీటర్ల మీడియంలో ఒక నానోమోలార్ కావాలి. నేరుగా కలిపితే ఎన్ని మైక్రోలీటర్లు పడుతుంది? ఆ పరిమాణాన్ని మీ పైపెట్ నమ్మకంగా కొలవగలదా? లేకపోతే మధ్యలో ఏం చేస్తారు?

రెండు: మీ పీసీ-3 ఎస్‌టీఆర్ నివేదికలో ఎక్స్ క్రోమోజోమ్ గుర్తు మాత్రమే ఉంది, వై లేదు. మిగతా గుర్తులన్నీ భాండాగారం ప్రొఫైల్‌తో సరిపోయాయి. పక్కనున్నవారు టీఎస్‌యూ-పీఆర్1 కథ చెప్పి ఫ్లాస్కు పారేయమంటున్నారు. పారేయాలా? సూచన ఒకటే: కణాలు ఏళ్ల తరబడి పెరిగే క్రమంలో క్రోమోజోములను పోగొట్టుకోగలవు. జవాబులు ఆరో పాఠంలో, గడ్డకట్టించే పద్ధతితో పాటు.