కత్తి పట్టేముందు కాలిపర్ పట్టండి: మోడల్ కార్లు, ట్రక్కుల్ని సరిదిద్దడం, మార్చడం

కిట్ పెట్టె మీద 1/24, అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు, అని ఉంది కదా అని లోపలున్నదంతా 1/24 అనుకోకండి. బాడీ ఒక కొలతలో, టైర్లు ఇంకో కొలతలో, ఇంజిన్ ఎక్కడి నుంచో అరువు తెచ్చినట్టు ఉండటం మామూలే. అందుకే ఏ కిట్ అయినా జిగురు సీసా మూత తీయకముందే నేను కాలిపర్‌తో, అంటే దవడల మధ్య పట్టి కొలిచే పనిముట్టుతో, మూడు కొలతలు తీస్తాను. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా ఉండే వీల్‌బేస్, టైరు ఎత్తు, నేల నుంచి పైకప్పు ఎత్తు. ఈ మూడూ కుదిరితే మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు. ఒక్కటి తప్పినా, ఎంత బాగా రంగు వేసినా బండి బొమ్మలాగే కనబడుతుంది.

లెక్క పెద్దదేం కాదు. అసలు బండి కొలతను మిల్లీమీటర్లలో తీసుకుని స్కేల్‌తో భాగించడమే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వీల్‌బేస్ 2400 మి.మీ., కాబట్టి 1/24లో సరిగ్గా 100 మి.మీ. రావాలి. 1969 షెవ్రొలె కమారోది 108 అంగుళాలు, అంటే 2743 మి.మీ. అది 1/25లో 109.7, 1/24లో 114.3. రెండు స్కేళ్లకూ తేడా నాలుగు శాతమే కదా అనిపిస్తుంది గానీ, పక్కపక్కన పెడితే ఆ నాలుగున్నర మిల్లీమీటర్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. 1/25 ఇంజిన్‌ని 1/24 కారులో పెట్టేస్తే ఎవరూ పట్టుకోలేరు. పైకప్పో, ముందు అద్దమో అలా మార్చాలంటే మాత్రం కుదరదు, అంచులు కలవవు.

అమెరికన్ పాత కిట్లలో 1/25 ఎక్కువగా ఉండటానికి కారణం డీలర్ల షోరూముల కోసం అదే కొలతలో చేసిన ప్రమోషనల్ మోడళ్లు. జపాన్ కార్ల కిట్లు, యూరప్ ట్రక్కుల కిట్లు చాలావరకు 1/24లో వస్తాయి. నాకైతే కోసి మార్చే పనికి 1/25 హాయి. అసలు బండిలో ఒక అంగుళం ఇక్కడ 1.016 మి.మీ., అంటే ఒక మిల్లీమీటరే అనుకోవచ్చు. పైకప్పు నాలుగంగుళాలు దించాలంటే నాలుగు మిల్లీమీటర్లు కోయాలి, అంతే. కాలిక్యులేటర్ వెతుక్కోనక్కర్లేదు.

టైరు కొలత దాని మీద రాసిన అంకెల్లోనే ఉంటుంది. 205/55 R16 అంటే వెడల్పు 205 మి.మీ., పక్క గోడ అందులో 55 శాతం. రెండు వైపులా కలిపితే 225.5, దానికి 16 అంగుళాల రిమ్ 406.4 కలపండి. దాదాపు 632 మి.మీ. వచ్చింది, 1/24లో 26.3. పెద్ద ట్రక్కులకుండే 295/80 R22.5 ఇదే లెక్కలో 43.5 మి.మీ. అవుతుంది. కిట్‌లో టైరు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెద్దగా ఉంటే అసలు బండిలో 36 మి.మీ. పెంచినట్టు. అప్పుడు చక్రం గూడు నిండిపోయి, బండి లేచినట్టు కనిపిస్తుంది. మనం బాడీ తప్పనుకుని దానికి సాండ్‌పేపర్ పెడతాం. చాలాసార్లు టైర్లు మారిస్తే చాలు, బాడీని ముట్టుకునే పనే ఉండదు.

ఫొటోలతో పోల్చడం దగ్గర ఇంకో చిక్కుంది. ఫోన్‌ని మోడల్‌కి పది సెంటీమీటర్ల దూరంలో పెట్టి తీస్తే, అసలు కారుకి రెండున్నర మీటర్లలోపు నిలబడి తీసినట్టు. ముక్కు ఉబ్బుతుంది, వెనక భాగం నక్కిపోతుంది. ఆ ఫొటో చూసి బానెట్ పొడుగైందని తీర్పు చెప్పకండి. అసలు కారు ఫొటో పది మీటర్ల దూరం నుంచి తీసిందనుకుంటే, 1/24 మోడల్‌కి కెమెరా 42 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, తర్వాత జూమ్ చేసుకోవాలి. ఎత్తు కూడా చూసుకోండి. నిలబడ్డ మనిషి కళ్లు నేల నుంచి 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయనుకుంటే, లెన్స్ బల్ల మీద నుంచి 67 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. మనం మోడల్‌ని ఎప్పుడూ పైనుంచి చూస్తాం కాబట్టి పైకప్పు పెద్దగా, బండి పొట్టిగా అనిపిస్తుంది. ఈ ఎత్తులో తీసిన ఫొటోలోనే నిజం బయటపడుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది ఏ సంవత్సరం బండి అన్నది. ఒకే అచ్చును ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మార్చి వాడతారు కాబట్టి, పెట్టె మీద ఒక సంవత్సరం, లోపల ఇంకో సంవత్సరపు గ్రిల్ దొరకొచ్చు. కొన్ని గుర్తులు తెలిసుంటే పని సులువు. అమెరికాలో 1968 మోడళ్ల నుంచి బండి పక్కన మార్కర్ లైట్లో రిఫ్లెక్టర్లో తప్పనిసరి అయ్యాయి. 1967 కమారోకి అవి ఉండవు, తలుపు అద్దం ముందు చిన్న త్రికోణపు అద్దం ఉంటుంది. 1968లో ఆ త్రికోణం పోయి, మార్కర్లు వచ్చాయి. బీటిల్ అయితే వెనక అద్దమే చెప్పేస్తుంది. 1953 మొదటి నెలల దాకా రెండు ముక్కలు, తర్వాత కోలగా ఒకటే, 1958 మోడల్ నుంచి అంతకంటే బాగా పెద్దది.

ఇన్ని తప్పులు దొరికాక అన్నీ సరిచేయాలని కూర్చుంటే కిట్ ఎప్పటికీ పూర్తికాదు. బండి గీత, అంటే పక్క నుంచి కనిపించే రూపం, ముందు ముఖం, చక్రాల మీద అది కూర్చున్న తీరు – వీటికోసం నేను ఎంత టైమైనా పెడతాను. ఛాసిస్ కింద సైలెన్సర్ ఆకారం రవ్వంత తేడా ఉందంటే వదిలేస్తాను. బండిని తిరగేసి చూసేవాళ్లతో నాకు పేచీ లేదు, నేను తిరగేయను, అంతే.

ఇప్పుడు కోత సంగతికి వద్దాం. మార్పుల్లో అందరికీ మోజు పైకప్పు దించడం మీద. మొదటిసారి చేసేవాళ్లు 1932 ఫోర్డ్ లాంటిది తీసుకోండి. దాని కప్పును మోసే స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి, మధ్యలో ముక్క తీసేసి కప్పును కిందికి దించితే సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. 1949 మెర్క్యురీ లాంటి వాటికి ముందు స్తంభం వెనక్కి, వెనక భాగం ముందుకి వాలి ఉంటాయి. నాలుగు మిల్లీమీటర్లు దించితే కప్పు అంచులూ కింది స్తంభాలూ ఒకదానికొకటి ఎదురు రావు. కప్పును అడ్డంగా రెండుగా కోసి మధ్యలో స్టైరీన్ (కిట్ చేసే ప్లాస్టిక్కే) పట్టీ కలిపి పొడిగించాలి, లేదా ముందు స్తంభాన్ని ఇంకాస్త వాల్చాలి. ఏది చేయాలో కాగితం మీద పక్క బొమ్మ గీసుకుని తేల్చుకోండి, ప్లాస్టిక్ మీద కాదు.

గీత గీయడంలోనే సగం పని ఉంది. నా బల్ల మీద ఎప్పుడూ ఒక దళసరి అద్దం పలక ఉంటుంది. బాడీని దాని మీద సమంగా నిలబెట్టి, పెన్సిల్‌ని ఒక చెక్క దిమ్మె మీద పడుకోబెట్టి, దిమ్మెను అద్దం మీద జరుపుతూ చుట్టూ గీత పెడతాను. దిమ్మె కింద 4 మి.మీ. స్టైరీన్ ముక్కలు పెట్టి రెండో గీత. రెండూ ఎక్కడా వంకర పోవు. గీతల వెంబడి మాస్కింగ్ టేప్ అంటిస్తే రేజర్ సా, అంటే పలచటి సన్న పళ్ల రంపం, జారదు. కోసేముందు మాత్రం ఒక పని మర్చిపోకండి. బాడీ లోపల తలుపుల మధ్య మిగిలిపోయిన స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కల్ని అడ్డంగా అతికించండి. కప్పు ఊడాక బాడీకి పట్టు ఉండదు, పక్కలు విచ్చుకుంటాయి.

సన్నటి స్తంభాలను ఉత్త జిగురుతో కలిపితే పట్టుకోగానే విరుగుతాయి. రెండు వైపులా 0.5 మి.మీ. రంధ్రం చేసి ఇత్తడి తీగ ముక్క గుచ్చి అతికించండి. సందుల్లో సూపర్ గ్లూ పోసి, పైన వంటసోడా చల్లితే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. అదే రోజు రుద్దేయాలి, మర్నాటికి అది ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారై, రుద్దితే చుట్టుపక్కలంతా గుంట పడుతుంది. ట్యూబు పుట్టీ అయితే దీనికి పూర్తిగా ఉల్టా, అది ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి రెండు మూడు రోజులు ఆగాకే రుద్దాలి. కప్పు దిగాక సీట్లు, స్టీరింగ్ పైన తగులుతాయేమో చూడండి. కిట్ అద్దాలు ఇక పనికిరావు, పారదర్శక షీట్ నుంచి కొత్తవి కోసుకోవాల్సిందే.

తలుపు గీతల గురించి చెప్పాలి. అసలు కారులో తలుపుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య సందు 4, 5 మి.మీ. ఉంటుంది, మోడల్‌లో అది 0.2 మి.మీ. చాలా కిట్లలో ఈ గీత అర మిల్లీమీటర్ దాకా ఉంటుంది, అంటే వేలు దూరేంత సందు. వెడల్పు తగ్గించడం కష్టం గానీ లోతు పెంచితే నీడ పడి గీత సన్నగా కనిపిస్తుంది. కత్తి మొన వీపు వైపుతో, బరువు వేయకుండా, చాలాసార్లు లాగండి. ప్రైమర్‌కి ముందే చేయాలి, రంగు పడ్డాక గీతలు సగం పూడిపోతాయి.

ఇంజిన్‌కి వైర్లు వేసేవాళ్లలో ఎక్కువమంది లావు వైర్లు వేస్తారు. స్పార్క్ ప్లగ్ వైరు అసలు మందం 8 మి.మీ. దాకా, అంటే ఇక్కడ 0.3 మి.మీ. అంతకు రెట్టింపు వేస్తే ఇంజిన్ మీద నీళ్ల పైపులు పరిచినట్టుంటుంది. షెవ్రొలె స్మాల్ బ్లాక్ (చిన్న V8 ఇంజిన్)కి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది, ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌కి ముందు. సిలిండర్లు మండే క్రమం షెవ్రొలెది 1-8-4-3-6-5-7-2 వరస, ఎడమ పక్క 1, 3, 5, 7, కుడి పక్క 2, 4, 6, 8. పాత అమెరికన్ కిట్లలో ముందు యాక్సిల్‌గా ఒక ఇనుప కడ్డీని ఏకంగా ఇంజిన్ బ్లాక్ గుండా దూర్చేవారు. ఆ రంధ్రంలో స్ప్రూ ముక్క కొట్టి పూడ్చి, కడ్డీని రెండు పొట్టి ముక్కలు చేసి పక్కల నిలబెట్టండి.

ట్రక్కుల దగ్గర పని అంతా ఫ్రేమ్‌దే. అమెరికన్ పెద్ద ట్రక్కుల ఫ్రేమ్ బయటి వెడల్పు మామూలుగా 34 అంగుళాలు, 1/25లో 34.5 మి.మీ. పొడిగించాలంటే రెండు పట్టాలనూ ఒకే చోట నిలువుగా కోయకండి. మెట్టులా కోసి, అతుకు లోపలి వైపు స్టైరీన్ పట్టీ వేసి, అద్దం పలక మీద బరువు పెట్టి ఆరనివ్వండి. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి చూడాలి, రెండూ సమానంగా ఉంటేనే ఫ్రేమ్ చదరం. ఫ్రేమ్ పొడుగైతే, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని కూడా ఉత్తినే పొడుగు చేసేస్తారు చాలామంది. అసలు బండిలో అంత పొడుగు షాఫ్ట్ తిరిగితే ఊగిపోతుంది, అందుకే రెండు ముక్కలు చేసి మధ్యలో అడ్డపట్టీకి సెంటర్ బేరింగ్ వేలాడదీస్తారు. అది పెట్టండి, చూసిన లారీ మెకానిక్ ఎవరైనా మెచ్చుకుంటాడు.

ఫిఫ్త్ వీల్, అంటే ట్రైలర్‌ని తగిలించే పళ్లెం, ఎక్కడ పెట్టాలన్నది ఇంకోటి. వెనక యాక్సిళ్ల మధ్య గీతకి కాస్త ముందుండాలి. వెనక్కి జరిగితే ట్రైలర్ బరువుకి ముందు చక్రాలు తేలిపోతాయి, మోడల్‌లో తేలకపోయినా చూసే కంటికి తేడా తెలుస్తుంది. ట్రైలర్ కింద ఉండి ఆ పళ్లెంలో కూర్చునే కింగ్‌పిన్ రెండు అంగుళాల మందం, 1/25లో 2 మి.మీ. కడ్డీ సరిపోతుంది. ట్రైలర్ సొంతంగా కడుతుంటే యూరప్ బండ్లకి వెడల్పు 2.55 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు హద్దు అని పెట్టుకోండి. 1/24లో అవి 106, 167 మి.మీ. అవుతాయి. పొడుగు ట్రైలర్ స్టైరీన్‌తో చేస్తే కొన్నాళ్లకి నడుము వంగుతుంది, కనబడని చోట ఇత్తడి చానల్ దాచండి.

బండి ఎత్తు దించేటప్పుడు ఒక్క మిల్లీమీటర్ అంటే అసలులో 24 మి.మీ. అని గుర్తుంచుకోండి. ట్రక్కుకి కమాన్ కట్టలు పలచన చేయడం కంటే, యాక్సిల్ కూర్చునే దిమ్మె మార్చడం మేలు. నాలుగు చక్రాల కిందా సన్నటి కాగితం జొనిపి చూడండి. ఏదైనా చక్రం కింద కాగితం స్వేచ్ఛగా జారితే అది నేల తాకట్లేదన్నమాట. టైరు అడుగున కొంచెం రుద్ది చదును చేస్తే బండికి బరువొచ్చినట్టు ఉంటుంది.

కిట్ క్రోమ్ మరీ అద్దంలా మెరుస్తుంటే బ్లీచ్‌లో వేయండి, కాసేపటికి ఊడిపోతుంది. గాలి ఆడేచోట, చేతికి గ్లోవ్స్ వేసుకుని చేయండి, ఇంకే క్లీనరూ అందులో కలపకండి. బాడీ మీదున్న చిన్న అక్షరాల బ్యాడ్జీలకు మాత్రం రంగుకి ముందే పని ఉంది. బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురుండే పలచటి లోహపు రేకు) ముక్క అక్షరాల మీద అంటించి, టూత్‌పిక్‌తో బాగా నొక్కి, అంచులు కోసేసి, దాని మీదే రంగు వేసేయండి. రంగు ఆరాక అక్షరాల పైభాగాన్ని మాత్రం థిన్నర్ తడిపిన గుడ్డతో మెల్లగా తుడిస్తే కింద నుంచి మెరిసే అక్షరాలు బయటికొస్తాయి. గుడ్డను వేలికి గట్టిగా చుట్టుకోండి, వదులుగా ఉంటే పక్క రంగు కూడా లేచిపోతుంది. క్లియర్ కోటు ఆ తర్వాతే.