లీపు సెకను వస్తే లోలకం మర ముట్టుకోకండి

లీపు సెకను, అంటే ప్రపంచమంతా వాడే టైముకి అదనంగా కలిపే ఒక సెకను, ప్రకటించినప్పుడు పెండ్యులం గడియారం ఉన్నవాళ్ళు చాలామంది చేసే పని, లోలకం అడుగున ఉండే మరని కాస్త తిప్పడం. దయచేసి ఆ పని చెయ్యకండి. మర తిప్పితే మారేది గడియారం నడక. ఒక సెకను వెనక్కి తేవాలని తిప్పారనుకోండి, అది ఆ ఒక్కరోజుతో ఆగదు, రేపూ ఒక సెకను, ఎల్లుండీ ఒక సెకను, అలా నెల తిరిగేసరికి అర నిమిషం వెనకబడుతుంది. గడియారం ఇప్పుడు ఎంత తప్పు చూపిస్తోంది అనేది ఒక సంగతి, రోజుకి ఎంత చొప్పున తప్పుతోంది అనేది ఇంకో సంగతి. లీపు సెకను మొదటి దానికి మాత్రమే సంబంధించింది. ఈ రెండూ కలిపేసుకుంటే నెలల తరబడి పడ్డ కష్టం ఒక్క రోజులో పోతుంది.

చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు భూమి తిరుగుడుని మెల్లగా తగ్గిస్తుంటాయి, అణు గడియారాలకి ఆ బాధ లేదు, అందుకే రెండింటి మధ్య తేడా 0.9 సెకను దాటకుండా 1972 నుంచి అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతున్నారు. ఇప్పటికి 27 కలిపారు, ఆఖరిది 2016 డిసెంబర్ 31న. లెక్క చూస్తే, ఆ కాలంలో సగటున ఏడాదిన్నరకి పైగా గడిస్తే ఒక్క సెకను. అదే ఉక్కు కడ్డీ ఉన్న లోలకం అయితే, గదిలో వేడి ఒక్క డిగ్రీ పెరిగితే చాలు, రోజుకి అర సెకను వెనకబడుతుంది. అంటే రెండు డిగ్రీలు ఎక్కువున్న ఒక్క రోజు ఒక లీపు సెకనుతో సమానం! కాబట్టి ముందు గడియారం నడక కుదిరితేనే లీపు సెకను గురించి ఆలోచించడంలో అర్థం ఉంటుంది.

నడక కుదరాలంటే మొదట గడియారం పెట్టె కదలకూడదు. గోడకి గట్టిగా బిగించండి, వదులుగా ఉన్న పెట్టె లోలకంతో పాటు కంటికి కనపడనంత ఊగుతుంది, ఇక మీరు ఎంత సర్దినా ఉపయోగం ఉండదు. తర్వాత కళ్ళు మూసుకుని చప్పుడు వినండి. టిక్‌కీ టాక్‌కీ మధ్య ఎడం రెండు వైపులా ఒకేలా ఉండాలి, కుంటుతున్నట్టు వినిపిస్తే ముందు అది సరిచెయ్యాలి.

ఆ తర్వాతే మర. ఒక్కో ఊపుకి సరిగ్గా ఒక సెకను పట్టే లోలకం పొడవు దాదాపు 994 మిల్లీమీటర్లు, అందులో 1 మిల్లీమీటరు మారితే రోజుకి 43 సెకన్ల తేడా వస్తుంది. రోజుకి ఒక్క సెకను సరిచెయ్యాలంటే గుండుని, అంటే కడ్డీ కింద ఉండే బరువుని, కదపాల్సింది మిల్లీమీటరులో నలభయ్యో వంతు. పైకి ఎక్కిస్తే ఫాస్ట్, కిందికి దించితే స్లో. మర తిప్పేటప్పుడు కడ్డీని రెండో చేత్తో పట్టుకోండి, లేదంటే పైన లోలకం వేలాడే పల్చటి స్ప్రింగు పట్టీ మెలి తిరిగిపోతుంది, అది ఒకసారి మెలి పడితే లోలకం వంకరగా ఊగుతూనే ఉంటుంది. ఇంకోటి, మర తిప్పిన రోజే ఫలితం చూసి మళ్ళీ తిప్పకండి, కనీసం మూడు నాలుగు రోజులు ఆగండి.

ఒక నోట్‌బుక్కు పెట్టుకోండి. రోజూ ఒకే వేళకి గడియారం ఎంత తేడా ఉందో, గదిలో వేడి ఎంతో, రెండే అంకెలు రాయండి. తేడా చూడ్డానికి నేను ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తాను, గడియారం సెకను ముల్లూ సరైన టైము చూపే తెరా రెండూ ఒకే ఫ్రేములో పడేలా. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే ముల్లు గెంతిన ఫ్రేము ఏదో వేలుపెట్టి చూపించొచ్చు, కంటితో చూసి అంచనా వెయ్యడం కంటే ఎంతో నమ్మకం. రెండు నెలలు రాస్తే వేడికీ నడకకీ ఉన్న లంకె ఆ పేజీల్లోనే కనపడుతుంది. వేడి మారకపోయినా గడియారం రోజురోజుకీ ముందుకు పోతుంటే ఊపు ఎంత వెడల్పు ఉందో చూడండి. మధ్య నుంచి 3 డిగ్రీలు ఊగే లోలకం 2.9కి తగ్గితే రోజుకి దాదాపు ఒక సెకను ముందుకు పోతుంది, నూనె చిక్కబడటం తరచుగా కనిపించే కారణం.

ఇక లీపు సెకను. లోలకాన్ని చేత్తో ఒక సెకను ఆపి వదలడం నాకు అస్సలు నచ్చదు, ఊపు చెదిరి మళ్ళీ కుదురుకోవడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో నడక ఎలా ఉంటుందో చెప్పలేం. దానికంటే చిన్న బరువుల పద్ధతి ఎన్నో రెట్లు మేలు. లండన్‌లో బిగ్ బెన్ గంట మోగించే గడియారం లోలకం మీద పాత పెన్నీ నాణేలు పెడతారు, ఒక పెన్నీ పెడితే రోజుకి 0.4 సెకను ముందుకు పోతుంది. బరువు పెడితే నెమ్మదించాలి కదా అనిపిస్తుంది, కానీ గుండు కంటే పైన పెట్టిన బరువు లోలకం భారకేంద్రాన్ని పైకి లాగుతుంది, అంటే లోలకం కొంచెం పొట్టి అయినట్టే.

మీ కడ్డీకి సగం ఎత్తులో, అంటే పైన వేలాడే చోటుకీ గుండు మధ్యకీ నడుమ, చిన్న పళ్ళెం లాంటిది బిగించండి. సరిగ్గా సగంలో లేకపోయినా పర్వాలేదు, అక్కడ ఒకట్రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. గుండు బరువుని 10,800తో భాగిస్తే వచ్చే బరువు రోజుకి ఒక సెకను మారుస్తుంది. 5 కిలోల గుండుకి అది దాదాపు అర గ్రాము. అంత చిన్న బరువు తూచలేం కాబట్టి, ఒక మీటరు రాగి తీగ తూచి, గ్రాముకి ఎంత పొడవో లెక్కగట్టి ముక్కలు కొయ్యండి. అలాంటి ముక్కలు నాలుగైదు ఎప్పుడూ పళ్ళెంలో ఉండేలా చూసుకుని, అవి ఉండగానే మరతో నడక సర్దుకోండి, అప్పుడు నెమ్మదించాలంటే ఒకటి తీస్తే సరిపోతుంది.

లీపు సెకను పడే క్షణానికి 12 గంటల ముందు పట్టకారుతో ఒక ముక్క తియ్యండి, లోలకం ఒక చివరకి వెళ్ళి రెప్పపాటు నిలిచినప్పుడు తీస్తే ఊపు చెదరదు. సరిగ్గా 24 గంటల తర్వాత మళ్ళీ పెట్టెయ్యండి. లీపు సెకను పడేసరికి గడియారం అర సెకను వెనకుంటుంది, పడగానే అర సెకను ముందుంటుంది, మిగిలిన 12 గంటల్లో అదీ పోతుంది. గూగుల్ తన కంప్యూటర్లలో లీపు సెకనుని 24 గంటల మీద పరిచేది ఇదే లెక్కతో. అందుకే ఆ రోజు దేనితో పోల్చుకుంటున్నారో జాగ్రత్త, అలా పరిచిన టైము మీ ఫోన్‌లోకి వస్తుంటే గడియారం అసలు ఏమీ తప్పనట్టే కనపడుతుంది. జీపీఎస్ రిసీవర్‌ని అప్పుడే ఆన్ చేసి కూడా నమ్మకండి. జీపీఎస్ సొంత టైములో లీపు సెకన్లు కలపరు, తేడా ఎంతో చెప్పే సమాచారం పన్నెండున్నర నిమిషాలకి ఒకసారి వస్తుంది, కాబట్టి ఓ పావుగంట ఆగి చూడండి.

2035 నాటికల్లా ఆ 0.9 సెకను హద్దుని పెంచాలని 2022లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. ఈలోగా, భూమి ఈమధ్య కాస్త వేగం పుంజుకోవడంతో, సెకను కలపడం కాకుండా తీసెయ్యాల్సి రావచ్చన్న మాట కూడా వినిపిస్తోంది. అదే జరిగితే పద్ధతి మారదు, ముక్క తియ్యడానికి బదులు అదనంగా ఒకటి పెట్టి 24 గంటలకి తియ్యండి. నోట్‌బుక్కులో ఆ రోజు పక్కన ఎర్ర ఇంకుతో రాసుకోండి, లేకపోతే ఆరు నెలల తర్వాత తిరగేసినప్పుడు అక్కడ సెకను ఎందుకు గెంతిందో గుర్తుండదు.