పాడుబడ్డ ఇంటి కాగితాలు: కార్క్ నగరంలో మనంతట మనం నేర్చుకునే పాఠాలు – 3. గోడ మీద తెల్ల కాగితం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనే అనుకుంటున్నాను. ఐర్లాండ్‌లోని మన కార్క్ నగరంలో నార్త్ మెయిన్ స్ట్రీట్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తలెత్తి నడవమన్నాను. కొట్ల వైపు కాదు, వాటి పై అంతస్తుల వైపు చూస్తూ. కింద ఫోన్ రిపేర్ షాపు జోరుగా నడుస్తుంటుంది. దాని నెత్తిన రెండు అంతస్తులకు కిటికీ అద్దాలుండవు, పొగగొట్టంలోంచి బడ్లియా మొక్క ఊదారంగు పూలతో వేలాడుతుంటుంది. అలాంటివి పాడుబడ్డ ఇళ్ల లెక్కలో వెయ్యాలా వద్దా అన్న సందేహం వచ్చే ఉంటుంది. వెయ్యండి. మన నోటుబుక్కు లెక్క వేరు, కౌన్సిల్ (నగరపాలక సంస్థ) పెట్టే పాడుబడ్డ స్థలాల రిజిస్టరు లెక్క వేరు. ఆ తేడా దగ్గరికి చివర్లో వస్తాం.

ఈ వారం పాఠమంతా ఒక్క కాగితం గురించే. ఏ4 సైజు, ప్లాస్టిక్ కవరులో పెట్టి గేటుకో, తలుపుకు కొట్టిన ప్లైవుడ్‌కో మేకులతో దిగ్గొట్టి ఉంటుంది. దీన్ని సైట్ నోటీసు అంటారు, ఈ స్థలంలో ఫలానా పని చేయడానికి కౌన్సిల్ అనుమతి అడుగుతున్నామని అందరికీ చెప్పే కాగితం. రోజూ బస్సు దిగి దాని పక్కనుంచే వెళ్తాం, చదవం. నేనూ చాలాకాలం చదవలేదు. అద్దె ఇంటికోసం తిరిగే రోజుల్లో ఒక ఏజెంటు ఇలాంటి నోటీసే చూపించి, "వచ్చే ఏడాదికి ఇక్కడ ఎనభై ఫ్లాట్లు వచ్చేస్తాయి, అప్పుడు అద్దెలు దిగుతాయి, ప్రస్తుతానికి దీనికి సంతకం పెట్టెయ్యండి" అన్నాడు. పెట్టేశాను. ఆ స్థలంలో ఇప్పటికీ గడ్డే. కాగితంలో అసలేం రాసుందో అప్పుడే చదివి ఉంటే, అవి ఫ్లాట్లు కావనీ, విద్యార్థుల హాస్టల్ పడకలనీ తెలిసేది.

చదవడం మొదలుపెడదాం. అభ్యాసం కోసం ఒక నోటీసు నేనే కల్పించి రాశాను. వరస మాత్రం అసలు నోటీసుల్లో ఉండేదే.

"కార్క్ సిటీ కౌన్సిల్. ఫలానా లిమిటెడ్ అనే మేము ఫలానా వీధిలోని 14, 15 నంబర్ల వద్ద పర్మిషన్ కోరుతున్నాము. పని వివరం: వెనుకనున్న గిడ్డంగి కూల్చివేత. వీధివైపు గోడను నిలిపి ఉంచి, దాని వెనుక 5 అంతస్తుల భవన నిర్మాణం. కింద ఒక షాపు, పైన 18 అపార్ట్‌మెంట్లు. 40 సైకిళ్లకు చోటు. 14వ నంబరు ప్రొటెక్టెడ్ స్ట్రక్చర్. దరఖాస్తును కౌన్సిల్ ఆఫీసులో చూడవచ్చు. 20 యూరోలు కట్టి, దరఖాస్తు అందిన నాటి నుంచి 5 వారాల్లోగా అభిప్రాయం తెలపవచ్చు. సంతకం. నోటీసు పెట్టిన తేదీ."

మొదట పేరు. "ఫలానా లిమిటెడ్" అని చూడగానే స్థలం వాళ్లదే అనుకుంటాం. కానక్కర్లేదు. దరఖాస్తు పెట్టేవాడు యజమాని కాకపోతే యజమాని ఒప్పుకున్నట్టు ఉత్తరం జతచేస్తే చాలు. ఓనరెవరో తెలియాలంటే ఫోలియో, అంటే ఆ స్థలం యాజమాన్య రికార్డు తీయాలి, అది వచ్చే పాఠం. మన ఊళ్లో ఈసీ తీయకుండా స్థలం జోలికి పోం కదా, ఇదీ అలాంటిదే.

తర్వాత "పర్మిషన్" అన్న మాట. దాని పక్కన ఇంకో మాట ఉందేమో చూడండి. "అవుట్‌లైన్ పర్మిషన్" అంటే ఇక్కడ కట్టడం సూత్రప్రాయంగా సరేనా అని మాత్రమే అడుగుతున్నట్టు. నిజంగా కట్టాలంటే మళ్లీ రావాలి. "రిటెన్షన్" అంటే అడగకుండా ముందే కట్టేశాం, ఇప్పుడు ఉంచుకోనివ్వండి అని. రిటెన్షన్ నోటీసు కనిపిస్తే నేను కాసేపు అక్కడే నిలబడి, ఆ కట్టేసిందేమిటా అని వెతుకుతాను. ఎక్కువసార్లు వెనకవైపు వేసిన షెడ్డో, పైకప్పు మీద లేపిన గదో ఉంటుంది.

ఇక పని వివరం. ఈ ఒక్క పేరా మీద తీరిగ్గా కూర్చోవచ్చు. అపార్ట్‌మెంట్లు 18 అని రాశారు, అంటే 18 వంటిళ్లు, 18 తలుపులు. అదే చోట "180 బెడ్ స్పేసెస్" అని ఉంటే అది స్టూడెంట్ అకామడేషన్. ఐదారుగురికో, ఎనిమిది మందికో కలిపి ఒక వంటిల్లు ఉంటుంది. పిల్లలున్న కుటుంబానికి అందులో చోటు లేదు. కార్క్‌లో యూసీసీ (యూనివర్సిటీ కాలేజ్ కార్క్) చుట్టుపక్కల ఇలాంటి నోటీసులు చాలా చూస్తారు. "అపార్ట్‌హోటల్" అని ఉంటే అది హోటలే, పేరు చూసి మోసపోవద్దు. అంకె ఎంత పెద్దదో చూసేముందు అంకె పక్కనున్న నామవాచకం చూడాలి. నేను సంతకం పెట్టిన రోజు చేసిన తప్పు అదే.

"వీధివైపు గోడను నిలిపి ఉంచి" అన్నది కార్క్‌లో తరచుగా కనిపించే మాట. ఇంటి ముఖం మాత్రం ఉంచి, వెనకాల అంతా తీసేసి కొత్తగా కడతారు. ఆ గోడ పడిపోకుండా ఇనుప చట్రం బిగిస్తారు, అది ఫుట్‌పాత్ మీదికి వస్తుంది. "ప్రొటెక్టెడ్ స్ట్రక్చర్", అంటే చట్టం రక్షణలో ఉన్న కట్టడం అని ఉంటే కథ ఇంకా నెమ్మదిస్తుంది. అలాంటి ఇంట్లో బయటి గోడలే కాదు, లోపలి మెట్లు, పైకప్పు పూతపని కూడా రక్షణ కిందికే వస్తాయి. మామూలు ఇంట్లో అడగకుండా చేసుకోగల మార్పులు కూడా, ఇంటి స్వభావం చెడగొట్టేవైతే, ఇక్కడ అడిగే చేయాలి.

కాగితం రంగు గురించి ఒక మాట. మామూలు నోటీసు తెల్ల కాగితం మీద ఉంటుంది. పసుపు కాగితం కనిపిస్తే ప్రమాద హెచ్చరిక అనుకుని అవతలి ఫుట్‌పాత్ మీదికి దాటిపోయాను నేను ఒకసారి. ఆరు నెలల లోపు అదే స్థలానికి రెండోసారి దరఖాస్తు పెడితే పసుపు రంగు వాడాలి, అంతే. మొదటి దరఖాస్తును వెనక్కి తీసుకుంటే ఇలా జరగొచ్చు. పసుపు చూస్తే పాత ఫైలు కూడా ఉందని గుర్తుపెట్టుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అంతస్తులు తగ్గాయో పెరిగాయో తెలిసిపోతుంది.

ఇప్పుడు గడియారం. తప్పులు ఎక్కువగా ఇక్కడే చేస్తాం. నోటీసు మీద 2వ తేదీ ఉందనుకోండి, దరఖాస్తు కౌన్సిల్‌కు 9న అందింది. ఐదు వారాలు 9 నుంచే లెక్క. నోటీసు పెట్టిన రెండు వారాల లోపు దరఖాస్తు ఇవ్వాలి, కాబట్టి ఈ తేడా ఎప్పుడూ ఉండొచ్చు. ఎనిమిది వారాల్లో కౌన్సిల్ నిర్ణయం చెప్పాలి. అయితే మధ్యలో "ఇంకా వివరాలు కావాలి" అని అడిగితే ఆ గడియారం ఆగుతుంది, జవాబివ్వడానికి ఆరు నెలల వరకు టైం ఉంటుంది. ఎనిమిది వారాలు కాస్తా ఎనిమిది నెలలయ్యేది చాలాసార్లు ఇందువల్లే. నిర్ణయం వచ్చాక నాలుగు వారాల్లో అప్పీలు చేయొచ్చు. అప్పీళ్లు వినే సంస్థను 2025 జూన్ దాకా ఆన్ బోర్డ్ ప్లానాల అనేవాళ్లు, ఇప్పుడు ఆన్ కిమిషూన్ ప్లానాల అంటున్నారు. పొరుగింటివాళ్లో, వీధిలోవాళ్లో అప్పీలు చేయాలంటే మొదటి ఐదు వారాల్లో ఆ 20 యూరోలు కట్టి అభిప్రాయం రాసి ఉండాలి. రాయకపోతే మామూలుగా ఆ తలుపు మూసుకున్నట్టే. అందుకే ఆ రసీదు పారేయొద్దు.

అంతా సవ్యంగా జరిగి పర్మిషన్ వచ్చిందనుకుందాం. ఇప్పుడు ఇల్లొచ్చినట్టేనా? రాలేదు. పర్మిషన్ మామూలుగా ఐదేళ్లు నిలుస్తుంది, పొడిగింపులూ ఉంటాయి. ఆ ఐదేళ్లూ ఒక్క ఇటుక పెట్టకపోయినా దాన్ని నేరమనరు. పర్మిషన్ ఉన్న స్థలానికి ధర పెరుగుతుంది, కాబట్టి కొందరు కట్టడానికి కాదు, అమ్మడానికే పర్మిషన్ తెచ్చుకుంటారు. కడతారా లేదా తెలియాలంటే చూడాల్సిన కాగితం వేరే ఉంది. దాని పేరు కమెన్స్‌మెంట్ నోటీసు. పని మొదలుపెట్టే ముందు, 14 రోజులకు తక్కువ కాకుండా 28 రోజులకు మించకుండా, కౌన్సిల్‌లో కట్టడాల నిబంధనలు చూసే బిల్డింగ్ కంట్రోల్ వాళ్లకు ఇది ఇవ్వాలి. ఆన్‌లైన్ రిజిస్టరులో ఎవరైనా వెతుక్కోవచ్చు. నా మటుకు నేను సైట్ నోటీసును ఆశ అనీ, కమెన్స్‌మెంట్ నోటీసును కబురు అనీ అనుకుంటాను.

ఈ తేడా కళ్లారా చూడాలంటే సౌత్ మెయిన్ స్ట్రీట్‌కు వెళ్లండి. బీమిష్ అండ్ క్రాఫర్డ్ బ్రూవరీ 1792 నుంచి బీరు కాచిన చోటు అది. 2009లో మూతపడింది. నలుపు తెలుపు చెక్క పట్టీలతో ఉన్న దాని ఆఫీసు ముఖం ఇప్పటికీ వీధిలోకి చూస్తూ ఉంటుంది. ఆ స్థలంలో 6,000 మంది పట్టే ఈవెంట్ సెంటర్ కడతామన్నారు. 2016 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని ఎండా కెన్నీ వచ్చి పారతో మట్టి తవ్వి శంకుస్థాపన లాంటిది చేశాడు. ఏళ్లు గడిచినా హాలు లేవలేదు. కార్క్‌వాళ్ల దగ్గర ఆ పార ఊసెత్తి చూడండి, టాక్సీ డ్రైవరైతే దిగేదాకా ఆపడు.

పాడుబడ్డవాటి రిజిస్టరుకు వద్దాం. 1990 నాటి డెరెలిక్ట్ సైట్స్ చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్ ఒక రిజిస్టరు పెట్టాలి. చట్టం దృష్టిలో డెరెలిక్ట్ (పాడుబడ్డది) అంటే ఖాళీగా ఉండటం కాదు. శిథిలమై, ప్రమాదకరంగా ఉండటమో, చూడ్డానికి అసహ్యంగా ఉండటమో, చెత్త పేరుకోవడమో వల్ల చుట్టుపక్కల అందాన్నీ వాతావరణాన్నీ గణనీయంగా చెడగొట్టాలి. తాళం వేసి, శుభ్రంగా రంగేసి పదేళ్లు వదిలేసిన ఇల్లు ఈ లెక్కలోకి రాదు. నార్త్ మెయిన్ స్ట్రీట్‌లో మీరు గుర్తుపెట్టుకున్న పై అంతస్తులు చాలావరకు జారిపోయేది ఇక్కడే. కింద షాపు నడుస్తోంది కదా అంటారు.

2020లో ఫ్రాంక్ ఓకానర్, జూడ్ షెర్రీ అనే ఇద్దరు డిజైనర్లు కార్క్‌లో నడుస్తూ కనిపించిన ప్రతి పాడుబడ్డ ఇంటినీ ఫొటో తీసి ట్విట్టర్‌లో పెట్టడం మొదలుపెట్టారు. సిటీ సెంటర్‌కు రెండు కిలోమీటర్ల లోపే దాదాపు 700 తేలాయి. రిజిస్టరులో ఉన్నవి అందులో చిన్న భాగం. మీ నోటుబుక్కుకూ కౌన్సిల్ పుస్తకానికీ పొంతన కుదరకపోతే మీ కళ్లను అనుమానించొద్దు.

రిజిస్టరులో పేరెక్కేముందు యజమానికి నోటీసు వెళ్తుంది, ఆయన అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఎక్కాక మార్కెట్ విలువ కడతారు. పేరెక్కిన మరుసటి ఏడాది నుంచి ఆ విలువ మీద ఏటా లెవీ అనే సుంకం పడుతుంది. ఒకప్పుడు 3 శాతం ఉండేది, 2020 నుంచి 7 శాతం. 3,00,000 యూరోల విలువైన మొండి ఇంటికి ఏడాదికి 21,000 అన్నమాట. కట్టకపోతే నెలకు 1.25 శాతం వడ్డీ, అంటే మొదటి నెలలోనే 262 యూరోల 50 సెంట్లు. బాకీ స్థలం మీదే నిలుస్తుంది, కాబట్టి కొనేవాళ్లు జాగ్రత్త. లెక్క చూస్తే గుండె ఆగేలా ఉంది గానీ, ఏళ్లతరబడి దేశవ్యాప్తంగా వేసినదాంట్లో వసూలైంది కొంచెమే. అందుకే 2025 అక్టోబరు బడ్జెట్‌లో, దీని బదులు ఇక్కడి పన్నుల శాఖ అయిన రెవెన్యూయే వసూలు చేసే కొత్త పన్ను తెస్తామని ప్రకటించారు.

లెవీతో లొంగకపోతే కౌన్సిల్ ఆ స్థలాన్ని బలవంతంగా తీసుకోవచ్చు. అప్పుడు కూడా గోడ మీద నోటీసు పెడతారు, అది ప్లానింగ్ నోటీసు కాదు. పైన చట్టం పేరు చూస్తే తెలిసిపోతుంది. ఈ అధికారం వాడటంలో కార్క్ కన్నా లిమరిక్ కౌన్సిల్ ముందుంది.

మనవాళ్లలో చాలామంది ఈ పాఠాల దాకా రావడానికి అసలు కారణం గ్రాంటు అని నాకు తెలుసు. క్రీ కోనిహ అనే ప్రభుత్వ పథకం కింద, 2008కి ముందు కట్టి రెండేళ్లకు పైగా ఖాళీగా ఉన్న ఇల్లు బాగు చేసుకుంటే 50,000 యూరోల దాకా, డెరెలిక్ట్ అయితే 70,000 దాకా వస్తుంది. ఆ పై 20,000కు ఇల్లు రిజిస్టరులో ఉందన్న రుజువైనా కావాలి, లేదా ఇల్లు నిలవని స్థితిలో ఉందని నిపుణుడి రిపోర్టైనా కావాలి. అంటే ఒకరికి శిక్షగా ఎక్కిన పేరు, ఇంకొకరికి సర్టిఫికెట్ అవుతుంది. గ్రాంటు లెక్కలు ఆరో పాఠంలో. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సులు ఇవ్వకండి.

ఈ వారం పని: మీరుండే వీధికి పావుగంట నడక దూరంలో ఒక సైట్ నోటీసు వెతకండి. ఫొటో తీసుకోండి. నామవాచకం ఏమిటో, పర్మిషన్ ఏ రకమో, రంగేమిటో రాసుకోండి. ఆ తర్వాత కౌన్సిల్ ప్లానింగ్ వెబ్‌సైటులో ఫైలు తెరిచి, దరఖాస్తు అందిన తేదీ పట్టుకుని, ఐదు వారాలు ఏ రోజుతో ముగుస్తాయో క్యాలెండరు మీద గుర్తుపెట్టండి. ఇంకా రోజులుంటే అభిప్రాయం రాయాలో వద్దో మీ ఇష్టం.

వచ్చే పాఠానికి ఒక 5 యూరోలు పక్కన పెట్టుకోండి. ఫోలియో తీయడానికి అంతే ఖర్చు.