ఇంజినీరింగ్ మొదటి ఏడాది ప్రోగ్రామింగ్: మార్కుల లెక్క తెలుసుకుని పాసవడం ఎలా?

ఫలితాలొచ్చిన మూడో రోజున పాతపట్నం వైపు నుంచి ఒక తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ప్రింటు కాగితం. "ఏటి మేడమ్, ఇంటర్నల్‌లో ముప్పైకి ఇరవై తొమ్మిదొచ్చింది గదా. మొత్తం యాభై మూడు. నలభై వస్తే పాసన్నారు. మరి మావోడు ఫెయిలేటి?" అనడిగాడు. కుర్రాడు తల దించుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ఇంటర్నల్ అంటే సెమిస్టర్ నడుస్తుండగా కాలేజీలో వేసే మార్కులు, ఎక్స్‌టర్నల్ అంటే సెమిస్టర్ చివరి పరీక్ష. అతనికి ఎక్స్‌టర్నల్‌లో 70కి 24 వచ్చాయి. ఇంకొక్క మార్కు వచ్చుంటే పాసయ్యేవాడు. ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం రావాలన్న నియమం తండ్రికి తెలియకపోవడంలో వింత లేదు. సెమిస్టరంతా ముందు బెంచీలో కూర్చున్న కుర్రాడికీ తెలియదు. మొదటి రోజే ఆ మాట గట్టిగా చెప్పాల్సిన మేమూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మొదటి క్లాసులో సీ లాంగ్వేజ్ కంటే ముందు మార్కుల లెక్కే చెబుతున్నాను. ఇక్కడా అదే చెబుతాను.

ముందు మీ రెగ్యులేషన్ ఏదో తెలుసుకోండి

సీనియర్లు చెప్పిన లెక్కలు నమ్ముకుని దెబ్బతినేవాళ్లు ఏటా ఉంటారు. సీనియర్లు అబద్ధం చెప్పరు. వాళ్లు చదివిన రెగ్యులేషన్, అంటే చదువుకీ పరీక్షలకీ యూనివర్సిటీ పెట్టిన నియమాలు, వేరు, అంతే. విజయనగరంలోని జేఎన్‌టీయూ 2022లో కాకినాడ నుంచి విడిపోయి గురజాడ పేరుతో సొంత యూనివర్సిటీ అయింది. 2023-24లో బీటెక్‌లో చేరినవారికి ఆర్23 అనే రెగ్యులేషన్ మొదలైంది. దానికి ముందు చేరినవారిది ఆర్20. పరీక్ష పేపరు తీరు కూడా రెండింటిలో ఒకటి కాదు.

ఇంకో సంగతి. రాజాంలో జీఎంఆర్, విజయనగరంలో ఎంవీజీఆర్, టెక్కలిలో ఐతం వంటివి పరీక్షలు సొంతంగా పెట్టుకునే కాలేజీలు. వాటికి సొంత రెగ్యులేషన్లుంటాయి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ వారిది ఇంకో పద్ధతి, అక్కడే ఉన్న అంబేడ్కర్ యూనివర్సిటీ కింద బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవారిది మరో పద్ధతి. నేను కింద చెప్పే అంకెలు ఆర్23వి. మీ కాలేజీ అంకెలు వేరైతే వాటినే వేసుకుని ఇదే వరుసలో లెక్క చూసుకోండి.

రెగ్యులేషన్ పుస్తకం కాలేజీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతుంది. మొత్తం చదవక్కర్లేదు. హాజరు, మార్కుల పంపకం, పాస్ మార్కులు, గ్రేడ్లు, ప్రమోషన్: ఈ ఐదు పేజీలు ప్రింటు తీసి రికార్డు అట్ట లోపల అంటించుకోండి.

థియరీ వేరు, ల్యాబ్ వేరు అని గుర్తుపెట్టుకోండి

మొదటి ఏడాదిలో ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్ అనే థియరీ సబ్జెక్టు 3 క్రెడిట్లు (క్రెడిట్ అంటే సబ్జెక్టు బరువు చెప్పే అంకె). కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ 1.5 క్రెడిట్లు. చెప్పేది ఒకే సీ లాంగ్వేజ్ అయినా మార్కుల పట్టీలో ఇవి రెండు సబ్జెక్టులు. ఒకటి పాసై ఇంకోటి తప్పొచ్చు. రెండూ వందేసి మార్కులకే: ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70.

పాస్ గీత రెండు చోట్ల ఉంది

పాతపట్నం కుర్రాడికి దెబ్బ తగిలింది ఇక్కడే. పాసవ్వాలంటే రెండు షరతులు ఒకేసారి తీరాలి. ఎక్స్‌టర్నల్ 70లో కనీసం 35 శాతం రావాలి. అంటే 24.5. మీరు 25 అని గుర్తుపెట్టుకోండి. రెండోది, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ కలిపి వందకి 40 రావాలి.

ఇంటర్నల్ 30కి 30 తెచ్చుకున్నా ఎక్స్‌టర్నల్‌లో 24 వస్తే ఫెయిలే. అదే ఇంటర్నల్‌లో 10 మాత్రమే వచ్చిందనుకోండి, ఎక్స్‌టర్నల్‌లో 25 చాలదు, 30 కావాలి. మీ ఇంటర్నల్ మార్కులు నోటీసు బోర్డులో పెట్టిన రోజునే 40లోంచి అవి తీసేయండి. మిగిలింది 25 కంటే ఎక్కువైతే అది మీ గీత, తక్కువైతే 25 మీ గీత. ఆ అంకెని హాల్‌టికెట్ పెట్టుకునే కవరు మీద రాసుకోండి. గీత మీద నిలబడితే కాలు జారుతుంది కాబట్టి దానికి పది మార్కులు పైన గురి పెట్టుకోవాలి.

మిడ్ పరీక్షలు రెండూ రాయండి

థియరీ ఇంటర్నల్ మార్కులు సెమిస్టర్‌లో జరిగే రెండు మిడ్ పరీక్షల నుంచే వస్తాయి. ఒక్కో మిడ్ 30 మార్కులకి లెక్క కడతారు. ఆబ్జెక్టివ్ 10, వివరంగా రాసే ప్రశ్నలు 15, అసైన్‌మెంట్ 5. మొదటి మిడ్‌లో తొలి రెండు యూనిట్లు, రెండో మిడ్‌లో మిగతా మూడు. రెండింటిలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం బరువు వేసి కలుపుతారు.

ఒకమ్మాయికి మొదటి మిడ్‌లో 15, రెండో మిడ్‌లో 25 వచ్చాయనుకుందాం. 25లో 80 శాతం 20. 15లో 20 శాతం 3. మొత్తం 23. మొదటి మిడ్ చెడిందని కుంగిపోనక్కర్లేదని ఈ లెక్కే చెబుతోంది. ఒక మిడ్ అసలు రాయకపోతే మాత్రం రెండోదాంట్లో 30కి 30 వచ్చినా ఇంటర్నల్ 24 దాటదు.

రెండో మిడ్ బరువైనది. అరేలు, స్ట్రింగులు మూడో యూనిట్, పాయింటర్లు, స్ట్రక్చర్లు నాలుగు, ఫంక్షన్లు, ఫైళ్లు ఐదు. పిల్లలు భయపడేవన్నీ అక్కడే ఉన్నాయి. అందుకే తేలికగా ఉండే మొదటి మిడ్‌లోనే మార్కులు దాచుకోమంటాను. విజయనగరంలో ఉండేవారికి ఇంకో జాగ్రత్త: దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఇంటికి చుట్టాలొస్తారు, ఊరంతా జనం, పుస్తకం ముట్టే వీలుండదు. అకడమిక్ క్యాలెండర్ రాగానే ఆ వారం చుట్టుపక్కల మిడ్ పడిందేమో చూసుకుని, ముందు వారమే చదివేసుకోండి. పండగ మానుకోమని ఎవరికీ చెప్పను.

అసైన్‌మెంట్ 5 మార్కులు చేతికందే మార్కులు. తేదీకి ఇస్తే చాలు.

ల్యాబ్‌లో మార్కులు రోజూ పడతాయి

ల్యాబ్ ఇంటర్నల్ 30లో 15 మార్కులు రోజువారీ పనికి. అంటే క్రమంగా రావడం, రికార్డు, అడిగితే జవాబు చెప్పడం. మిగతా 15 ఇంటర్నల్ టెస్టుకి. ఎక్స్‌టర్నల్ 70లో ప్రొసీజర్‌కి 20, ప్రోగ్రాం రన్ చేసి ఫలితం చూపడానికి 30, వైవాకి, అంటే నోటితో అడిగే ప్రశ్నలకి, 20.

ఈ పంపకాన్ని కాస్త ఆగి చూడండి. ప్రోగ్రాం రన్ కాకపోయినా కాగితం మీద ప్రొసీజర్ సరిగ్గా రాస్తే 20 మార్కులకి పోటీలో ఉన్నట్టే. ఎర్రర్ రాగానే చేతులు వణికి, రాసిన పేపరు కూడా కొట్టేసి బయటికెళ్లిపోయేవాళ్లని నేను చాలామందిని చూశాను. అలా వెళ్లకండి. కాగితం ఇవ్వండి, వైవాకి కూర్చోండి.

వైవాలో ఏం అడుగుతారో ఒకటి దగ్గరగా చూపిస్తాను. అంకెని తిరగేసే ప్రోగ్రాం ప్రతి రికార్డులోనూ ఉంటుంది. 472 ఇస్తే 274 రావాలి. ప్రోగ్రాం చూడకుండా రాసేవాళ్లు కూడా ఈ చిన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు: "లూప్ రెండోసారి తిరిగాక ఎన్ విలువెంత?"

తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి: శేషం, రివర్స్, ఎన్. రివర్స్ మొదట సున్నా, ఎన్ 472. మొదటిసారి 472ని 10తో భాగిస్తే శేషం 2, రివర్స్ 2, ఎన్ 47. రెండోసారి శేషం 7, రివర్స్ 2×10+7 అంటే 27, ఎన్ 4. మూడోసారి శేషం 4, రివర్స్ 27×10+4 అంటే 274, ఎన్ సున్నా. లూప్ ఆగింది. "4ని 10తో భాగిస్తే 0.4 కదా, సున్నా ఎలా వచ్చింది?" అనేది తర్వాతి ప్రశ్న. రెండూ పూర్ణాంకాలైతే సీ లాంగ్వేజ్ దశాంశ భాగాన్ని వదిలేస్తుంది, అందుకని. ఈ రెండు జవాబులు చెప్పిన పిల్లని మూడో ప్రశ్న అడగబుద్ధి కాదు.

రికార్డులో ఉన్న ప్రతి ప్రోగ్రాంకీ ఇలా ఒక గడుల పట్టిక చేత్తో వేసుకోండి. ఈ మధ్య చాట్‌జీపీటీలోంచి ప్రోగ్రాం దించి రికార్డులో రాసేయడం ఎక్కువైంది. రికార్డు అందంగా ఉంటుంది, వైవాలో నోరు పెగలదు. దాన్ని అడగాలనుకుంటే ప్రోగ్రాం అడక్కండి, మీరు రాసినదాంట్లో తప్పెక్కడుందో అడగండి. అసలు మొదటి ఏడాది తప్పులు చాలావరకు మామూలువే. స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు & గుర్తు మర్చిపోతారు. ప్రోగ్రాం కంపైల్ అవుతుంది, రన్ చేస్తే మధ్యలో ఆగిపోతుంది. ఫర్ లూప్ లైను చివర అలవాటుగా ; గుర్తు పెట్టేస్తారు. లూప్ ఖాళీగా తిరిగి, కింది లైను ఒక్కసారే నడుస్తుంది. పోల్చడానికి రెండు = గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెడతారు. ఈ మూడూ చూసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇంట్లో కంప్యూటర్ లేదని చాలామంది నా దగ్గర బాధపడతారు. ఫోన్‌లో సీ కంపైలర్ యాప్‌లు ఉచితంగానే ఉన్నాయి, వాటితో ఈ స్థాయి ప్రోగ్రాంలన్నీ నడుస్తాయి. పాలకొండ, సాలూరు వైపు నుంచి గంటల తరబడి బస్సులో వచ్చే పిల్లలు ఆ ప్రయాణంలోనే సాధన చేసి మంచి గ్రేడ్లు తెచ్చుకున్నారు.

రికార్డుని ఏ వారానికి ఆ వారం సంతకం పెట్టించుకోండి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేక చీకట్లోనే ఉన్నాయి. చివరి తేదీ వరకూ పని దాచుకుంటే అలాంటప్పుడు చేయగలిగేదేమీ ఉండదు. ప్రోగ్రాంల కాపీ కాలేజీ కంప్యూటర్లోనే వదలకండి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నోటుబుక్కులో ఒకటి ఉంచుకోండి.

హాజరు లెక్క నెలనెలా వేసుకోండి

అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం చూపించి, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్ అవుతారు, మార్కులు ఎన్నున్నా ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

ల్యాబ్ వారానికి మూడు పీరియడ్లు ఒకే పూట ఉంటుంది. ఆ పూట రాకపోతే ఒకేసారి మూడు పీరియడ్లు పోతాయి, రోజువారీ మార్కు కూడా పోతుంది. సెలవు తప్పనిసరైతే ల్యాబ్ లేని రోజు పెట్టుకోండి. జ్వరం వస్తే మందుల చీటీ, డాక్టర్ సర్టిఫికెట్ ఆ వారమే ఆఫీసులో ఇచ్చేయండి.

గ్రేడు మీద చిన్న లెక్క

90 ఆపైన ఎస్ గ్రేడు, 10 పాయింట్లు. 80 నుంచి ఏ, 9. 70 నుంచి బీ, 8. 60 నుంచి సీ, 7. 50 నుంచి డీ, 6. 40 నుంచి ఈ, 5. ఆ కింద ఎఫ్, సున్నా. ఒక్కో సబ్జెక్టు పాయింట్లని దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ సగటు పాయింట్లు.

థియరీలో సీ, ల్యాబ్‌లో ఎస్ తెచ్చుకున్న పిల్లకి 3×7 కలుపు 1.5×10, మొత్తం 36. థియరీలో బీ తెచ్చుకుని ల్యాబ్‌ని తేలిగ్గా తీసుకుని డీ దగ్గర ఆగిన కుర్రాడికి 3×8 కలుపు 1.5×6, మొత్తం 33. థియరీలో వెనకబడిన పిల్లే ముందుంది. 79 మార్కులకీ 70 మార్కులకీ ఒకటే 8 పాయింట్లు, 69కి మాత్రం 7. కాబట్టి 68, 69 దగ్గర ఉన్న సబ్జెక్టు మీద పెట్టే గంట ఎక్కువ పలుకుతుంది.

ఎక్స్‌టర్నల్ పేపర్‌ని ఈ వరుసలో రాయండి

మొదటి ప్రశ్నలో రెండేసి మార్కులవి పది చిన్న ప్రశ్నలు, అన్నీ రాయాల్సినవే, 20 మార్కులు. తర్వాత యూనిట్‌కి ఒకటి చొప్పున పదేసి మార్కుల ప్రశ్నలు ఐదు, ప్రతిదానికీ ఇదో అదో ఎంచుకోవచ్చు. చిన్న ప్రశ్నలు ఐదు యూనిట్ల నుంచీ వస్తాయి కాబట్టి ఏ యూనిట్‌నీ పూర్తిగా వదలకండి. వాటిలో 14 వస్తే 25 గీతకి ఇంక 11 చాలు. పెద్ద ప్రశ్నలో సగం తెలిసినా రాయండి: ముందు ఆల్గారిథం, తర్వాత ప్రోగ్రాం, చివర ఒక ఇన్‌పుట్, దాని ఔట్‌పుట్. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు ఇంగ్లిష్‌లో పెద్ద పేరాలు రాయలేమని బెంగపడతారు. ప్రోగ్రాం పేపర్లో పేరాల పని తక్కువ. ఫ్లోచార్టు, చిన్న చిన్న వాక్యాలు సరిపోతాయి.

ఫలితం వచ్చిన రోజు

ఎఫ్ కనిపిస్తే ముందు ఏ గీత తప్పిందో చూడండి: ఎక్స్‌టర్నల్ 25 రాలేదా, మొత్తం 40 రాలేదా. గీతకి ఒకటి రెండు మార్కుల దూరంలో ఉండి, బాగా రాశానన్న నమ్మకం ఉంటే రీవాల్యుయేషన్‌కి దరఖాస్తు చేయండి. గడువు కొద్ది రోజులే ఉంటుంది, నోటిఫికేషన్ తేదీ అదే రోజు రాసి పెట్టుకోండి. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లిమెంటరీ (సప్లీ) పరీక్ష ఫీజు గడువు కూడా వదులుకోవద్దు. సప్లీలో మీ పాత ఇంటర్నల్ మార్కులే నిలుస్తాయి, ఎక్స్‌టర్నల్ ఒక్కటే మళ్లీ రాస్తారు. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి వెళ్లాలంటే రెగ్యులేషన్‌లో చెప్పిన సెమిస్టర్ వరకు ఉన్న క్రెడిట్లలో 40 శాతం సంపాదించి ఉండాలి. ఆ లెక్కలో ఈ 3 క్రెడిట్లు కూడా ఉన్నాయి.

పాతపట్నం కుర్రాడి ఇంటర్నల్ 29 అలాగే నిలిచింది. సప్లీకి ముందు ఆరు వారాలు, రోజుకి రెండు ప్రోగ్రాంల చొప్పున గడుల పట్టికలు వేసుకుని తెచ్చి చూపించేవాడు. ఎక్స్‌టర్నల్‌లో 41 వచ్చాయి.