హార్డ్ డిస్క్ రిపేరు నేర్చుకుందాం – 3వ పాఠం: కరెంటు చాలకపోతే

పోయిన పాఠంలో బయట తగిలించుకునే (ఎక్స్‌టర్నల్) డ్రైవు కేసింగ్ విప్పి డిస్కునీ, దానికి తగిలించి ఉండే బ్రిడ్జ్ బోర్డునీ, అంటే డిస్కుని యూఎస్‌బీకి కలిపే చిన్న సర్క్యూటునీ చూశాం. ఈసారి ఆ రెండింటికీ అందే కరెంటు సంగతి. రాజాం, బొబ్బిలి లాంటి ఊళ్లలో ఫొటో స్టూడియోల వాళ్లు పెళ్లి వీడియోలు దాచుకునేది ఈ డ్రైవుల్లోనే. అందుకే "డిస్కు పోయినట్టుంది" అని ఎవరైనా తెస్తే ఆ మాట వెంటనే నమ్మకండి. ముందు కరెంటును అనుమానించండి.

చిన్నది, అంటే 2.5 అంగుళాల డ్రైవు, 5 వోల్టులతో నడుస్తుంది. అది యూఎస్‌బీ కేబుల్లోంచే వస్తుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలని లెక్క. అయితే ఆగి ఉన్న డిస్కు తిరగడం మొదలుపెట్టే మొదటి క్షణాల్లో బాగా ఎక్కువ లాగుతుంది. కొన్ని డ్రైవులకు 1 ఆంపియర్ దాకా కావాలి. చిక్కంతా అక్కడే. లైటు వెలుగుతుంది, కంప్యూటర్లో మాత్రం ఏమీ కనబడదు.

ఇలాంటప్పుడు డ్రైవుని బల్ల మీదే ఉంచి మీ చెవిని దాని దగ్గరకు తీసుకెళ్లండి. తిరుగుతున్న డిస్కుని చేత్తో ఎత్తొద్దు. జుయ్‌మని వేగం అందుకోబోయి, టిక్కుమని ఆగి, మళ్లీ మొదలుపెడుతోందా? చాలాసార్లు అది కరెంటు చాలని చప్పుడే. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలేసి వెనక మదర్‌బోర్డు పోర్టుకి పెట్టండి. పొడుగాటి సన్న కేబులు తీసేసి పొట్టిది వాడండి. అదీ కుదరకపోతే సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ పెట్టి చూడండి. కరెంటు సరిగ్గా అందినా ఆ టిక్కు ఆగలేదంటే హెడ్, అంటే డిస్కు మీద డేటా చదివే, రాసే భాగం, దెబ్బతిని ఉండొచ్చు. వెంటనే తీసేయండి. పదేపదే ప్రయత్నిస్తే ఉన్న డేటా కూడా పోతుంది.

కళింగపట్నం, భావనపాడు వైపు ఇంకో సమస్య ఉంది. ఉప్పుగాలికి సాకెట్లో పిన్నులు నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

పెద్దదానికి, అంటే 3.5 అంగుళాల డ్రైవుకి, 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి వేరే అడాప్టరుంటుంది. మల్టీమీటరుని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబు పిన్ను లోపల, నల్లది బయటి రేకుకి ఆనించండి. 12 చూపిస్తే అడాప్టరు బాగుందనుకోకండి. పాతబడిన అడాప్టరు ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపిస్తుంది, డిస్కు తిరగబోగానే పడిపోతుంది. అందుకని కేసింగ్ విప్పి, డ్రైవు తగిలించి, బోర్డు మీద అడాప్టరు సాకెట్ టంకం చుక్కల దగ్గర మళ్లీ కొలవండి. ప్రోబులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. 11 కన్నా కిందికి దిగితే ముందు అడాప్టరు మార్చండి.

మార్చేటప్పుడు పిన్ను దూరిందని ఏదో ఒకటి పెట్టేయొద్దు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరు పెడితే బోర్డుతో పాటు డిస్కూ కాలిపోవచ్చు. వోల్టులు, పిన్ను ప్లస్సు మైనస్సు అచ్చంగా అవే ఉండాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత పెద్ద తుఫానే రానక్కర్లేదు. కాపీ జరుగుతుండగా కరెంటు ఒక్క క్షణం పోయినా ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పట్టిక, చెడిపోవచ్చు. తర్వాత డ్రైవు పెట్టగానే విండోస్ ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. అక్కడి నుంచి ఫైళ్లు ఎలా బయటికి తీయాలో 4వ పాఠంలో చూద్దాం. ఈలోగా మీ దగ్గరున్న అడాప్టర్లన్నీ ఖాళీగా ఒకసారి, లోడు మీద (డ్రైవు తగిలించి) ఒకసారి కొలిచి, రెండు అంకెలూ స్టిక్కరు మీద రాసి వాటికే అంటించండి.