అరకు ప్రయాణం రోజు కారు అప్‌డేట్ పెట్టకండి

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్. కారు స్క్రీన్ మీద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందని కనపడినప్పుడల్లా ఆరు వారాలు "తర్వాత" నొక్కుతూ పోయాను. చివరికి అరకు బయల్దేరే రోజు తెల్లవారుజామున ఓకే నొక్కేశాను. నలభై నిమిషాలు కారు కదల్లేదు. అత్తయ్య టీ ఫ్లాస్కుతో గేటు దగ్గరే నిలబడ్డారు.

అలాగని వాయిదా వేయకండి. 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా హైవే మీద వెళ్తున్న జీప్ చెరోకీ యాక్సిలరేటర్ పనిచేయకుండా చేసి చూపించారు. కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది, అంటే లోపం ఉందని ఒప్పుకుని సరిచేస్తామని ప్రకటించింది. ఆ లోపం సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఓనర్లకు పోస్టులో పంపింది. ఇప్పుడు అలాంటివి చాలావరకు మొబైల్ నెట్‌వర్క్ ద్వారా నేరుగా కారుకే వస్తున్నాయి. నొక్కడమొక్కటే మన పని.

నేనిప్పుడు ఆదివారం రాత్రి, మర్నాడు ఉదయం కారుతో పని లేనప్పుడు పెడతాను. మా సెల్లార్‌లో సిగ్నల్ అందదు, డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతుంది. అందుకే ముందు బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్లొస్తాను. దారిలో డౌన్‌లోడ్ అయిపోతుంది, చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా ఛార్జ్ అవుతుంది. ఎలక్ట్రిక్ కారులో కూడా ఈ బ్యాటరీ ఉంటుంది. అది నీరసంగా ఉంటే అప్‌డేట్ మొదలే కాదు. అద్దాలన్నీ ముందే పైకి ఎత్తేయండి, అప్‌డేట్ మధ్యలో వాన పడితే ఎత్తుదామన్నా అవి పనిచేయకపోవచ్చు. ఫోను, ఇంటి తాళాలు బయటికి తెచ్చుకోండి. పూర్తయ్యాక వెర్షన్ నంబరు ఫొటో తీసి, రివర్స్ కెమెరా, ఏసీ చూసుకోండి. ఆగిపోతే పదే పదే ప్రయత్నించకుండా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి కారుకు మాత్రం పెట్టకండి. కొన్ని అప్‌డేట్లు సర్వీస్ సెంటర్‌లో కేబుల్ పెట్టి వేయాల్సిందే. సర్వీసుకు ఇచ్చినప్పుడు "పెండింగ్ అప్‌డేట్లు, రీకాల్ ఏమైనా ఉన్నాయా?" అని అడగండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. మా మరిది గాజువాకలో ఒకటి కొన్నాడు. కారు ఎక్కడుందో పాత ఓనర్ ఫోన్లో ఇంకా కనపడుతోంది, డోర్ లాక్ కూడా ఆయన చేతిలోనే ఉంది! మరిది వెనక్కి వెళ్లి, ఆయన ఎదురుగానే యాప్‌లోంచి కారును తీసేయించి, స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే మిగతా డబ్బు ఇచ్చాడు.